హైదరాబాద్‌లో రెండు రాత్రులు: గది ఏ సందులో తీసుకోవాలి?

హైదరాబాద్ చూడ్డానికి ఇంటిల్లిపాదీ బయల్దేరేవాళ్లు ముందు అడిగేది "ఏ ఏరియాలో దిగితే బాగుంటుంది?" అని. ఏరియాను తేల్చేవి మీరు దిగే స్టేషను, చూడాలనుకున్న చోట్లు, వచ్చే నెల. రాత్రి నిద్ర పడుతుందా లేదా అన్నది తేల్చేది మాత్రం సందు. లక్డీకాపూల్‌లో మెయిన్ రోడ్డు మీది గదిలో పడుకుంటే అర్ధరాత్రి దాటాక కూడా ట్రావెల్స్ బస్సుల హారన్లు వినాల్సిందే. అక్కడికి వంద గజాలు లోపల, అదే అద్దెకు, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడని గదులు ఉంటాయి. కాబట్టి ముందు ఏరియా, తర్వాత సందు, ఆఖర్న ఆ హోటల్లో ఏ వైపు గది అన్న వరసలో వెతకండి. యాప్‌లో స్టార్లు, ఫొటోలు చూసి మొదలుపెడితే ఈ మూడూ కనపడవు.

మొదటిసారి వచ్చేవాళ్లు చూసేవి దాదాపు ఒకటే: చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, గోల్కొండ, బిర్లా మందిరం, ట్యాంక్‌బండ్, వీలైతే జూపార్కు. వీటిలో చాలావాటికి మధ్యలో పడేది మెట్రో ఎరుపు లైను మీద ఖైరతాబాద్ నుంచి నాంపల్లి దాకా ఉన్న ముక్క. లక్డీకాపూల్‌లో ఎక్కితే ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) ఐదో స్టేషను. అక్కణ్నుంచి సాలార్‌జంగ్‌కీ చార్మినార్‌కీ ఆటోలో కొద్ది దూరమే. బిర్లా మందిరానికి నడిచి వెళ్లొచ్చు, చివర్న కొండ ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఆటోలో పైదాకా తీసుకెళ్లండి. గోల్కొండకు మెట్రో లేదు. మెహిదీపట్నం మీదుగా బస్సో క్యాబో పట్టుకోవాలి, ఆ దారికి కూడా లక్డీకాపూలే దగ్గర.

లక్డీకాపూల్ వెనక రెడ్‌హిల్స్, ఏసీ గార్డ్స్ సందులు నాకు బాగా నచ్చిన చోట్లు. నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రులు అక్కడే ఉండడంతో రోగుల బంధువుల కోసం నడిచే చిన్న లాడ్జీలు చాలా ఉంటాయి. ఇలాంటి లాడ్జీల్లో మంచి లక్షణం ఒకటుంది. అక్కడ దిగేవాళ్లు పెందలాడే పడుకుంటారు, తాగి అరిచే బ్యాచీలను యజమానులే రానివ్వరు. సోమాజీగూడ, నిమ్స్ ఆసుపత్రి వెనక పంజాగుట్ట సందులకూ ఇదే వర్తిస్తుంది. ఆసుపత్రి గేటుకు ఎదురుగా మాత్రం తీసుకోకండి, అంబులెన్సు సైరన్ రాత్రంతా ఉంటుంది. ఒక సందు వదిలి లోపల చూడండి.

రెండోది, చాలామందికి తట్టనిది, ఆకుపచ్చ లైను మీది చిక్కడపల్లి, నారాయణగూడ. చిక్కడపల్లి నుంచి ఎంజీబీఎస్ మూడో స్టేషనే. పక్కనే అశోక్‌నగర్. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలతో నిండిన పేట అది, మెస్సులూ టిఫిన్ సెంటర్లూ విద్యార్థుల జేబుకు తగ్గ ధరల్లో ఉంటాయి. నలుగురున్న కుటుంబానికి మూడు పూటల తిండి ఖర్చులో ఈ తేడా బాగా తెలుస్తుంది. నారాయణగూడకు అటు హిమాయత్‌నగర్, ఇటు బర్కత్‌పురా. హిమాయత్‌నగర్‌లో మెయిన్ రోడ్డు పగలంతా కిక్కిరిసి ఉంటుంది. నంబర్లున్న అడ్డ వీధుల్లోకి మళ్లితే ఇళ్లూ చెట్లూ. కాచిగూడలో రైలు దిగేవాళ్లకు బర్కత్‌పురా మరీ దగ్గర. ఈ లైను మీదే ఉన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మాత్రం పడుకోవడానికి గది తీసుకోవద్దు. సినిమా హాళ్లన్నీ అక్కడే, సెకండ్ షో వదిలాక బిర్యానీ హోటళ్ల ముందు జనం అర్ధరాత్రి దాటినా తగ్గరు. పెద్ద హీరో సినిమా విడుదలైన వారమైతే టపాకాయలు కూడా.

సికింద్రాబాద్ స్టేషన్లో తెల్లవారుజామున నాలుగింటికి దిగేవాళ్లు స్టేషను ఎదురు లాడ్జీలోకే వెళ్లిపోతుంటారు. ఆ రోడ్డు మీది గదులకు బస్సులు, ఆటోలు, రైలు అనౌన్సుమెంట్లు అన్నీ వినిపిస్తాయి. పైగా "మంచి రూమ్ చూపిస్తా" అని ఆటోవాళ్లు తీసుకెళ్లే చోట వాళ్ల కమీషను కూడా మీ అద్దెలోనే కలుస్తుంది. నాలుగైదు గంటల నడుము వాల్చుకోడానికైతే రైల్వే రిటైరింగ్ రూమ్ దొరికితే మేలు. పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేసుకోవచ్చు. రెండు రాత్రులు ఉండాలంటే మారేడ్‌పల్లి వైపు వెళ్లండి, పాత కాలనీ, రాత్రి తొమ్మిదిన్నరకల్లా సద్దుమణుగుతుంది. ఇక్కడ గదులు తక్కువే కాబట్టి ముందుగా ఖాయం చేసుకోవాలి. అన్నట్టు, 2025 జనవరి నుంచి చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా మొదలైంది. మీ టికెట్ మీద సికింద్రాబాద్ ఉందో, చర్లపల్లి ఉందో, కాచిగూడ ఉందో చూసుకున్నాకే ఏరియా ఎంచుకోండి.

విజయవాడ వైపు నుంచి ట్రావెల్స్ బస్సుల్లో వచ్చేవాళ్లు, రామోజీ ఫిల్మ్‌సిటీకి ఒక రోజు కేటాయించినవాళ్లు ఊరి మధ్యకు రాకుండా ఎల్బీనగర్ దగ్గర దిగడమే తెలివైన పని. అక్కణ్నుంచి ఫిల్మ్‌సిటీ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, అదీ ఊరి బయటికి వెళ్లే దారిలోనే. ఎల్బీనగర్ చౌరస్తా మీద హైవే లారీల రాకపోకలు రాత్రంతా ఆగవు కాబట్టి వనస్థలిపురం కాలనీల్లోకి జరగండి.

గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్ సంగతి వేరు. అక్కడి హోటళ్లు బతికేది సోమవారం నుంచి గురువారం దాకా వచ్చే కంపెనీ మనుషుల మీద. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా గదులు ఖాళీగా ఉంటాయి, కొత్త హోటళ్లలో కూడా రేటు దిగుతుంది. శంషాబాద్ విమానాశ్రయానికి ఔటర్ రింగు రోడ్డు మీద సాఫీగా వెళ్లొచ్చు. ఇబ్బందల్లా దూరం. రాయదుర్గంలో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారి ఎంజీబీఎస్ చేరేసరికి ముప్పావుగంట దాటుతుంది, పాతబస్తీకి రెండుసార్లు వెళ్లొస్తే పిల్లలు అలసిపోతారు. వారాంతంలో ఈ వైపు పబ్బుల సందడి కూడా ఎక్కువే. బంధువులు కొండాపూర్‌లో ఉంటేనో, పొద్దున్నే ఫ్లైటు ఉంటేనో ఇక్కడ తీసుకోండి.

అమీర్‌పేట గురించి ఒక్క మాట. ఎరుపు, నీలం లైన్లు కలిసే చోటు, గదులు చవక, తిండి చవక. కోచింగ్ సెంటర్ల జనం రాత్రి పది దాకా రోడ్డు మీదే. మధురానగర్ కాలనీ లోపలికి వెళ్తే ఇది వర్తించదు.

ఏరియా ఖాయమయ్యాక క్యాలెండరు చూడాలి. ఈ పని చాలామంది చెయ్యరు, తర్వాత హోటలును తిడతారు. హైదరాబాద్‌లో రాత్రి చప్పుడుకు పెద్ద కారణం ఫంక్షన్ హాళ్లు. శ్రావణం, కార్తీకం, మాఘం, వైశాఖం ముహూర్తాల్లో బరాత్ (పెళ్లి ఊరేగింపు) బ్యాండూ డీజే మీ కిటికీ కిందే ఆగి పావుగంట ఆడతాయి. మూఢంలో, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, గదులూ సులువుగా దొరుకుతాయి. అయితే ఆషాఢంలో ఆదివారాలు బోనాలు: గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికి వచ్చి, లాల్‌దర్వాజా దగ్గర ముగుస్తాయి. ఆ ఆదివారం ఆ చుట్టుపక్కల దిగితే మైకులుంటాయి, రోడ్లు మూస్తారు. బోనాలు చూడ్డానికే వస్తే సరే. వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా ప్రతి సందులో మండపమే, ప్రశాంతత కోసం వచ్చేవాళ్లు ఆ రోజులు మానుకోవడం మంచిది. ఖైరతాబాద్‌లోనైతే మహా గణపతి దర్శనానికి వచ్చే జనంతో సూట్‌కేసు పట్టుకుని నడవడమే కష్టం. జనవరి 1 నుంచి నెలన్నర పాటు నాంపల్లిలో నుమాయిష్ (పెద్ద ఎగ్జిబిషన్) ఉంటుంది. ఆ రోజుల్లో నాంపల్లి, గాంధీభవన్ చుట్టూ గదులకు గిరాకీ పెరుగుతుంది. రంజాన్ నెలలో చార్మినార్ వైపు బజారు తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది. చూసి రావడానికి అంత అందమైన వేళ మరోటి లేదు, పడుకోవడానికి మాత్రం ఇంకో పేటకు రండి. వారం కూడా చూసుకోండి: సాలార్‌జంగ్, చౌమహల్లా శుక్రవారం సెలవు, జూపార్కు సోమవారం సెలవు.

ఇప్పుడు సందు. గూగుల్ మ్యాప్స్‌లో హోటలును పెట్టుకుని రెండు వందల మీటర్లు కనపడేదాకా దగ్గరికి తీసుకురండి. చుట్టూ ఫంక్షన్ హాల్, బ్యాంక్వెట్, బార్, పబ్ అని ఒక్కొక్కటీ వెతకండి. తర్వాత స్ట్రీట్ వ్యూ తెరిచి సందులో అటూ ఇటూ వెళ్లి చూడండి, 2022 నుంచి హైదరాబాద్ రోడ్లకు ఈ సౌకర్యం ఉంది. ఎదురుగా ఖాళీ స్థలం చుట్టూ రేకులు కట్టి ఉంటే జాగ్రత్తపడాలి. ఈ ఊరి నేల గట్టి బండ, సెల్లారు తవ్వాలంటే బ్రేకర్లతో నెలల తరబడి కొడతారు. ఫొటో పాతదైతే ఆ తవ్వకం ఇప్పుడు నడుస్తూ ఉండొచ్చు, ఫోన్‌లో అడిగి తేల్చుకోండి. మెట్రో స్టేషనుకు నడిచి ఐదు నుంచి పది నిమిషాల దూరం సరిగ్గా సరిపోతుంది. అంతకంటే దగ్గరైతే మెయిన్ రోడ్డు మీదే ఉన్నట్టు లెక్క. ఇక్కడ మెట్రో మొత్తం స్తంభాల మీదే నడుస్తుంది, రోడ్డు వైపు రెండో మూడో అంతస్తు గదికి రైలు కిటికీ ఎదురుగానే వెళ్తుంది, ఉదయం ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా.

రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని గత ఆరు నెలలవే చదవండి. ఐదు స్టార్లవీ ఒక స్టారువీ పక్కనపెట్టి మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చూడండి. వేడినీళ్లు పొద్దున ఎనిమిది తర్వాత రావు, లిఫ్టు చప్పుడు, కిచెన్ వాసన లాంటి పనికొచ్చే సంగతులు అక్కడే ఉంటాయి.

ఆ తర్వాత ఫోన్ చెయ్యాలి. యాప్‌లో బుక్ చేసినా సరే, ముందు రోజు రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే సగం ఇబ్బందులు తప్పుతాయి. ఇలా అడగండి: "అన్నా, రోడ్డు వైపు కాకుండా వెనక వైపు రూము కావాలి. మూడో అంతస్తో నాలుగో అంతస్తో ఇవ్వండి. లిఫ్టు పక్కన వద్దు. మీ హోటల్లో ఫంక్షన్ హాల్ ఉందా? ఆ రోజు ఏదైనా బుకింగ్ ఉందా?" వెనక గది అన్నప్పుడు కిటికీ ఎటు తెరుచుకుంటుందో కూడా అడగాలి. కొన్నిచోట్ల వెనక గదులకు కిటికీ డక్ట్‌లోకి (పైపులు దిగే ఇరుకు ఖాళీలోకి) ఉంటుంది, గాలి రాదు, బాత్‌రూమ్ పైపుల చప్పుడంతా లోపలికే. జనరేటర్ కూడా సాధారణంగా వెనకే పెడతారు. ఆఖరి అంతస్తు ఎండాకాలంలో వద్దు, పైకప్పు వేడికి ఏసీ సరిపోదు, ట్యాంకు నింపే మోటారు తెల్లవారుజామునే మొదలవుతుంది.

అదే ఫోన్లో ఇంకో మూడు విషయాలు తేల్చుకోండి. చెకవుట్ ఇరవై నాలుగు గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండింటికా? పొద్దున ఐదింటికి దిగేవాళ్లకు ఇరవై నాలుగు గంటల లెక్క బాగా కలిసొస్తుంది, పన్నెండు లెక్కయితే ముందుగా వచ్చినందుకు సగం రోజు అద్దె అడుగుతారు. రెండోది, ఆధార్ మీద హైదరాబాద్ చిరునామా ఉంటే ఇస్తారా? ఊళ్లో ఇల్లున్నవాళ్లకు గది ఇవ్వని హోటళ్లు చాలా ఉన్నాయి, మీతోపాటు దిగే చుట్టం ఆధార్ ఒక్కటి లోకల్ అయినా కౌంటర్ దగ్గర పేచీ వస్తుంది. మూడోది, చెప్పిన రేటులో జీఎస్టీ కలిసిందా? 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 5 శాతమే పన్ను. ఇంకా 12 శాతం అంటే బిల్లు అడిగి చూడండి.

అద్దె ఒక్కటే చూసి "చవక" అనుకోవద్దు. మాటవరసకు ఊరి చివర గది 1,600, లక్డీకాపూల్ సందులో 2,000 అనుకుందాం. ఊరి చివరి నుంచి క్యాబుకు ఒక్కో వైపు మూడు నాలుగు వందలైతే రోజుకు ఒక్క రాకపోకకే ఆ తేడా కరిగిపోయి ఇంకా పైన పడుతుంది. మెట్రోలో 2025 మే సవరణ తర్వాత కూడా అతి దూరపు టికెట్ 70 రూపాయల లోపే.

డబ్బు కట్టేముందు గది చూపించమనండి. తలుపూ కిటికీలూ మూసి, ఏసీ, ఫ్యాను ఆపి, రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. అప్పుడు వినపడేదే రాత్రంతా వినపడుతుంది. కుళాయి తిప్పి, ఫ్లష్ లాగి, కిటికీ గడియ పడుతుందో లేదో చూడండి. నచ్చకపోతే అప్పుడే ఇంకో గది అడగాలి, సామాన్లు విప్పాక మార్చడానికి ఇద్దరికీ బద్ధకమే. రాత్రి పది దాటాక బయట డీజే ఆగకపోతే ఊరుకోనక్కర్లేదు: 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా అనుమతి లేదు. రిసెప్షన్ వాళ్లతో చెప్పించండి, వినకపోతే 112కు ఫోన్ చెయ్యండి.

చివరి రోజు రైలు రాత్రికి ఉంటే, సామాన్లు రిసెప్షన్లో పెట్టి తిరగొచ్చా అని ముందు రోజే అడిగి ఉంచుకోండి. చాలావరకు డబ్బు తీసుకోకుండానే పెట్టుకుంటారు. నగలు, కాగితాలు మాత్రం ఆ సంచుల్లో వదలకండి.