పదిన్నర కిలోలతో హర్‌కీ దూన్

ఐదేళ్ళ కిందట హిమాలయాల్లో కువారీ పాస్ అనే కనుమకి వెళ్ళినప్పుడు నా వీపు మీద 17 కిలోల బరువుంది. రెండో రోజు దిగుడులో కుడి మోకాలు పట్టేసింది. మూడో రోజు బ్యాగుని కంచరగాడిద మీదికి ఎక్కించి, కర్ర పట్టుకుని దాని వెనకాల నడిచాను. ఎదురుగా నందాదేవి శిఖరం మెరుస్తున్నా నా చూపంతా కాళ్ళ కింద రాళ్ళ మీదే. ఇంటికొచ్చి బ్యాగు విప్పితే మడత విప్పని జీన్స్ ప్యాంటు, రెండో తువ్వాలు, నిండుగా ఉన్న షాంపూ సీసా బయటపడ్డాయి. వీటికోసమా నేను కొండని చూడలేకపోయింది అని ఏడుపొచ్చింది.

అందుకే మొన్న అక్టోబరులో తమ్ముడూ నేనూ ఉత్తరాఖండ్ కొండల్లోని హర్‌కీ దూన్ లోయకి వెళ్దామనుకున్నప్పుడు, ముందు అమ్మ మిఠాయిలకి వాడే కాటా తీసుకొచ్చి హాల్లో పెట్టాను. చాప పరిచి, పట్టుకెళ్దామనుకున్న ప్రతి వస్తువునీ తూచి పుస్తకంలో రాశాం. రాసింది కూడితే మొదటి రోజే తేలిపోయింది: బరువంతా బ్యాగు, టెంటు, స్లీపింగ్ బ్యాగు ఈ మూడింట్లోనే ఉంది. టూత్‌బ్రష్షు పిడి విరగ్గొడితే తగ్గేది ఐదు గ్రాములు. నా పాత బ్యాగు ఖాళీగానే 2 కిలోల 400 గ్రాములు తూగింది.

బ్యాగు మాత్రం అన్నిటికంటే చివర కొనాలి. ముందే 60 లీటర్లది కొంటే మిగిలిన చోటంతా ఏదో ఒకటి కూరేస్తాం. సామానంతా ఖరారయ్యాక ఒక అట్టపెట్టెలో సర్ది, అది ఎంత చోటు పట్టిందో చూసుకుని 45 లీటర్లది తీసుకున్నాను. బరువు 1,100 గ్రాములు. నడుం పట్టీ గట్టిగా ఉందో లేదో చూడటానికి కొట్లోనే పది కిలోలు వేయించుకుని అటూ ఇటూ తిరిగాను. బరువు తుంటి మీద కూర్చోవాలి, భుజాల్ని లాగకూడదు.

డబ్బులు ఎక్కువ పెట్టింది స్లీపింగ్ బ్యాగుకే. దాని మీద రెండు అంకెలుంటాయి, కంఫర్ట్ అని ఒకటి, లిమిట్ అని ఒకటి. పరీక్షల లెక్కలో మొదటిది ఆడవాళ్ళు హాయిగా నిద్రపోగల చలి, రెండోది మగవాళ్ళు ముడుచుకుని ఎలాగో తెల్లవార్చగల చలి. చాలా కొట్లలో రెండో అంకె చూపించే అమ్ముతారు. ఇది తెలియకే కువారీలో రాత్రంతా వణికాను. ఈసారి కంఫర్ట్ మైనస్ 5 ఉన్నది, పక్షుల ఈకల కింది మెత్తటి నూగుతో చేసింది, 1,200 గ్రాములది కొన్నాను. నూగు తడిస్తే అణిగిపోయి వెచ్చదనం పోతుంది కాబట్టి, మందపాటి పెద్ద పాలిథిన్ సంచిని బ్యాగు లోపల గలేబులా వేసి, అన్నీ అందులో సర్దాను. పైన తొడిగే రెయిన్ కవర్ కంటే ఇదే నమ్మకం. కవర్ తొడిగినా వీపు వైపునుంచి నీళ్ళు దిగుతూనే ఉంటాయి.

ఒంటి కింద చలిని మాత్రం స్లీపింగ్ బ్యాగు ఆపలేదు. మనం పడుకోగానే కింది నూగు నలిగి గాలి పోతుంది. అందుకే 400 గ్రాముల మడత పెట్టే ఫోమ్ చాప తీసుకున్నాను. గాలి నింపే పరుపు ఇంకా మెత్తగా ఉంటుంది కానీ ముల్లు గుచ్చుకుంటే ఆ రాత్రి నేల మీదే. ఫోమ్ చాపని దారిలో ఎక్కడ పడితే అక్కడ వేసుకుని కూర్చోవచ్చు కూడా.

బట్టల దగ్గర అమ్మ అడ్డం పడింది. "కొండల మీదికి పోతూ రెండు జతలేంటే, కనీసం ఆ కాటన్ దుప్పటన్నా పెట్టుకో" అంది. నూలు చెమటని పట్టుకుని వదలదు, చలిలో అదే ప్రాణం తీస్తుందమ్మా అని నచ్చజెప్పాను. నడిచేటప్పుడు ఒక జత, పడుకునేటప్పుడు ఒక జత, అంతే. పడుకునే జతని నడకలో తడవనివ్వను. దుప్పటికి బదులు అమ్మ సున్నుండల డబ్బా ఇచ్చింది. దాన్ని తూచకుండానే సర్దేశాను.

తిండి మన వంటింట్లోదే. దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. పప్పు ఓ పట్టాన ఉడకదు, గ్యాస్ మాత్రం అయిపోతుంది. అందుకని అటుకులు, వేయించిన ఉప్మా రవ్వలో పోపు కలిపిన పొట్లాలు, కందిపొడి, వేరుశనగ చిక్కీ, మామిడి తాండ్ర. అటుకుల మీద వేడినీళ్ళు పోసి మూతపెడితే ఐదు నిమిషాల్లో భోజనం. గంగాడ్, ఓస్లా ఊళ్ళల్లో ఇళ్ళల్లోనే బస, అక్కడ రొట్టె, రాజ్మా పెడతారు. కాబట్టి పైన ఉండే రెండు రోజులకే మోసుకెళ్ళాం. గ్యాస్ సీసాని విమానంలో ఎక్కనివ్వరు, డెహ్రాడూన్‌లో కొన్నాం.

ఇద్దరికీ ఒకే టెంటు, అది తమ్ముడి వీపు మీద. పొయ్యి, గిన్నె, తిండి నా వీపు మీద. లీటరు నీళ్ళతో సహా నాది పదిన్నర కిలోలు.

డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా సాంక్రీకి పగలంతా ప్రయాణం. నైత్వాడ్‌లో అటవీశాఖ అనుమతి తీసుకున్నాం. మర్నాడు తాలూకా అనే ఊరి దాకా జీపు. అక్కడినుంచి సుపిన్ నది పక్కనే నడక, దేవదారు చెట్ల కింద. మొదటి గంటలోనే తేడా తెలిసింది. రాళ్ళ మీద అడుగు తడబడ్డప్పుడు ఒళ్ళు దానంతటదే నిలదొక్కుకుంటోంది, బ్యాగు పక్కకి గుంజడం లేదు. తలెత్తి నడిచాను. ఓస్లాలో చెక్క ఇళ్ళ మధ్య పాత గుడి ఉంది. బయటివాళ్ళు దుర్యోధనుడి గుడి అంటారు, ఊళ్ళో అడిగితే సోమేశ్వరుడిదన్నారు. అరుగు మీద ఒక ముసలామె ఉన్ని వడుకుతూ మాట్లాడుతుంటే, ఆమె పక్కనే గంటసేపు కూర్చున్నాను. కువారీలో అయితే ఆ గంట మోకాలికి కట్టు కట్టుకోవడంతోనే గడిచేది.

హర్‌కీ దూన్ చేరేసరికి సాయంత్రం. లోయ చివర స్వర్గారోహిణి, 6,252 మీటర్లు, కింద నీడ కమ్మేసినా పైన ఎర్రగా వెలుగుతోంది. పాండవులు స్వర్గానికి నడిచింది ఈ దారినే అని ఇక్కడివాళ్ళ నమ్మకం. తమ్ముడు "అక్కా, ద్రౌపది పడిపోయింది ఎక్కడంటావ్?" అని అడిగాడు. నాకు మాట రాలేదు. చలి దిగేదాకా అలాగే నిలబడి చూశాం.

మర్నాడు మరిందా తాల్ అనే చెరువు దాకా వెళ్ళొచ్చాం. మధ్యాహ్నంనుంచి చిన్న మంచు. ఆ రాత్రి నిద్రకేం లోటు రాలేదు. ఫోనూ బ్యాటరీలూ స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకున్నాను, చలికి ఛార్జింగ్ దిగిపోకుండా. వాటర్ ఫిల్టర్ కూడా అక్కడే, గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లి ఇక పనికిరాదు.

దెబ్బ తిన్నది తెల్లవారాక. వానకి తడవని చేతితొడుగులు 90 గ్రాములని ఇంట్లో వదిలేసి, ఉన్నివి మాత్రమే తెచ్చాను. టెంటు మీది మంచు దులుపుతుంటే అవి ముద్దయిపోయాయి. పది నిమిషాల్లో వేళ్ళు కొంకర్లు పోయాయి. బూటు లేసు రెండు వేళ్ళ మధ్య ఉన్నట్టు కంటికి కనబడుతోంది, వేలికి తెలియడం లేదు. లైటర్ చక్రం తిప్పలేకపోయాను. మాతో వచ్చిన గైడు చూసి, "దీదీ, మోజే హై?" అన్నాడు. పడుకునేటప్పుడు వేసుకునే పొడి మేజోళ్ళు తీసి నా రెండు చేతులకీ తొడిగాడు, పైన రెండు పాలిథిన్ సంచులు కట్టాడు. చేతులు చంకల్లో పెట్టుకుని పావుగంట కూర్చున్నాక వేళ్ళల్లోకి రక్తం వస్తుంటే సూదులు గుచ్చినట్టయింది. తమ్ముడు టెంటంతా ఒక్కడే సర్దాడు.

గుంటూరు వచ్చాక మళ్ళీ చాప పరిచి బ్యాగు విప్పాను. వాడనివి మూడే మిగిలాయి: మందుల సంచి, విజిల్, బ్యాగు కుట్టే సూదీదారం. మూడూ మళ్ళీ లోపల పెట్టేశాను. పుస్తకం తీసి చివరి గీత కింద రాసుకున్నాను: తడవని చేతితొడుగులు, 90 గ్రాములు.