"ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా"

మా ఊళ్లో ఎవరడిగినా మా అమ్మ "హైదరాబాద్‌లో పెద్ద హాస్పిటల్‌లో చేస్తోంది" అనే చెబుతుంది. పూర్తిగా అబద్ధం కాదు. పల్లెటూరి పిల్లలకు ఉచితంగా పని నేర్పే డీడీయూ-జీకేవై స్కీములో, రోగుల్ని దగ్గరుండి చూసుకునే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసి, మొదట కొన్నాళ్లు హాస్పిటల్‌లోనే ఉన్నాను. ఇప్పుడు ఏజెన్సీ పంపిన ఇళ్లకు వెళ్తున్నాను. ఆ మాట అమ్మ చెప్పదు. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు, "అక్క ముసలాళ్లకి డైపర్లు మారుస్తుందంట" అని అవతలివాళ్లు అనుకుంటారని ఆమె భయం. డైపర్లు మార్చేమాట నిజమే. కానీ ఈ పనిలో అన్నిటికన్నా తేలిక అదే.

ప్రస్తుతం కూకట్‌పల్లిలో, ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంట్లో 24 గంటల డ్యూటీ. ఆయనకి పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, మాట కూడా పోయింది. కొడుకు డల్లాస్‌లో ఉంటారు. ఇంట్లో మాస్టారు, అమ్మగారు, నేను, హాల్లో ఒకటి, గదిలో ఒకటి కెమెరాలు. మనకి రాత్రి అయ్యేసరికి అక్కడ తెల్లారుతుంది, అబ్బాయి కాఫీ తాగుతూ ఫోన్‌లో మమ్మల్ని చూస్తారు. వచ్చిన కొత్తలో ఏజెన్సీకి కంప్లయింట్ వెళ్లింది: "సిస్టర్ ఎప్పుడు చూసినా ఫోన్ పట్టుకుని కూర్చునే ఉంటోంది." ఆ ఫోన్‌లో ఉన్నది రెండు గంటలకోసారి మోగే అలారం. మాస్టారిని ఎడమ పక్కకు తిప్పి, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టి, ఆ తర్వాత కుడి పక్కకు. రాత్రి కూడా అంతే.

కదలకుండా ఒకేవైపు పడుకుంటే ఆ ఒత్తిడికి ఒంటి మీద పుండు పడుతుంది. పడ్డాక కడగడం నర్సు పని. పడకుండా చూడటం నా పని, అది ఎవరికీ కనపడదు. పుస్తకంలో ఎర్రగా కందిన చోట వేలితో నొక్కి చూడమంటారు: తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫర్వాలేదు, నొక్కినా ఎరుపు పోకపోతే లోపల దెబ్బ మొదలైనట్టు. మనలాంటి చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా తెలియదు. చేతి వెనక భాగం ఆనించి చూడాలి. చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా. నడుం కింద, మడమలు, తుంటి, చెవి అంచు కూడా. అమ్మగారు పాపం ప్రేమ కొద్దీ కందిన చోట కొబ్బరినూనె పోసి గట్టిగా మర్దనా చేయబోతారు. ఆ చోట రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. ఆపడానికి నాకు ఎన్ని మాటలు కావాల్సి వచ్చిందో! గాలి నింపే రబ్బరు ట్యూబు కూడా కొనుక్కొచ్చారు ఎవరో బంధువులు. దాని మీద కూర్చోబెడితే మధ్యలో బాగానే ఉంటుంది, చుట్టూ ఉన్న చర్మం నలిగిపోతుంది. అటక మీద పెట్టించాను.

తినిపించడం మీద అబ్బాయికి కూడా సందేహమే, "గిన్నెడు తినడానికి అంతసేపా" అని. అందుకే ఒకరోజు వీడియో కాల్‌లో మొదటి నుంచి చివరి దాకా చూపించాను. మాస్టారిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, బాగున్న ఎడమ వైపు నుంచి సగం చెంచా. మింగారా లేదా గొంతు కదలిక చూడాలి. తర్వాత ఒక శబ్దం చేయించాలి. గరగరమంటే ఇంకా దిగనట్టే. కుడి బుగ్గలో స్పర్శ లేదు కాబట్టి అక్కడ ముద్ద దాక్కుంటుంది, వేలికి గుడ్డ చుట్టుకుని తీయాలి. మంచినీళ్లే అన్నిటికంటే ప్రమాదం, గబుక్కున జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే డాక్టరు చెప్పినట్టు చిక్కటి రాగిజావ. అయిపోయాక అరగంట పడుకోబెట్టకూడదు. మీరు కెమెరాలో చూసిన 'కూర్చోవడం' ఆ అరగంటే సార్, అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. కంప్లయింట్లు ఆగిపోయాయి, కెమెరా మాత్రం అలాగే ఉంది.

మాస్టారి మాట సంగతి చెప్పాలి. నీళ్లు కావాలంటే నోట్లోంచి "తలుపు" అని వస్తుంది. అది తప్పని ఆయనకి తెలుసు, అందుకే ఆ కోపం. చూడటానికి వచ్చినవాళ్లు ఆయన చెవి దగ్గర "బాగున్నారా మాస్టారూ!" అని అరుస్తారు. ఆయన చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, మెదడులో ఎడమ పక్క దెబ్బ తగిలింది అంతే. అలాంటివాళ్లలో చాలామందికి బట్టీ పట్టినవి మిగిలిపోతాయట: అంకెలు, వారాల పేర్లు, పాటలు. ఒకరోజు తిప్పుతూ ఊరికే "రెండొకట్ల రెండు" అన్నాను. ఆయన అందుకుని ఇరవై దాకా ఆపకుండా చెప్పేశారు! అమ్మగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేశారు. అప్పటినుంచి బట్టలు మార్చడం ఎక్కాలతోనే. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, తీసేటప్పుడు ముందు బాగున్న చెయ్యి, నోట ఏడో ఎక్కం. నేను ఏడెనిమిదులు తప్పు చెబితే తల అడ్డంగా ఊపుతారు. కావాలనే చెబుతాను.

ఇక "ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా" గురించి. ప్రతి ఇంట్లో వింటాను ఈ మాట. దీని తర్వాత వచ్చేవి: ఆ నాలుగు గిన్నెలు తోమెయ్, చుట్టాలొస్తున్నారు టిఫిన్ చెయ్, ఆ ఇన్సులిన్ కూడా నువ్వే పొడిచెయ్. ఇన్సులిన్ ఇవ్వనని ముందే చెప్పేస్తాను, నా ట్రైనింగ్ అది కాదు, రేపు షుగర్ డౌన్ అయితే అడిగేది నన్నే. గిన్నెల దగ్గర మాత్రం మొహమాటపడతాను. ఈ అమ్మగారు మంచావిడ, అడగరు. ఇంతకుముందు ఇంట్లో పేషెంట్ పనికంటే వంటింటి పనే ఎక్కువ. ఏజెన్సీకి చెబితే "సర్దుకుపో అమ్మా" అన్నారు. ఇంటివాళ్లు కట్టే డబ్బులో వాళ్ల వాటా నెలనెలా పట్టుకుంటారు, సర్దుకుపోవడం మాత్రం నా వాటా.

సంక్రాంతికి ఊరెళ్తున్నాను. నా బదులు కొత్తమ్మాయి వస్తుంది, ఇప్పుడే కోర్సు అయిందట. తనకోసం మంచం పక్కన గోడకి ఒక కాగితం అంటించాను. కుడి చెయ్యి పట్టుకుని పైకి లాగకు, భుజం జారుతుంది. "తలుపు" అంటే చుట్టూ చూడు, నీళ్లా, ఫ్యానా, బాత్రూమా, ఒక్కొక్కటీ చూపించి అడుగు, తల ఊపుతారు. మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు. రాత్రి నిద్ర ముక్కలైపోతుంది కాబట్టి మధ్యాహ్నం తిప్పడం అయ్యాక అలారం పెట్టుకుని నువ్వూ కాసేపు పడుకో. నువ్వు పడుకోవడం కెమెరాలో కనపడుతుందని భయపడకు, ఆ సంగతి అబ్బాయికి చెప్పాను.