గోడ మీద ఫొటో సరే, షాపు ఉంటుందా?

పాత బజారుని బాగుచేస్తామని పని మొదలుపెట్టగానే ఈమధ్య చాలా చోట్ల దాని వెంటే ఒక ఆర్ట్ ప్రాజెక్ట్ కూడా వస్తోంది. షాపువాళ్ల ఫొటోలు తీసి పెద్ద పెద్దగా గోడలకు అంటిస్తారు, వాళ్ల కబుర్లు రికార్డు చేస్తారు, షట్టర్ల మీద బొమ్మలు వేయిస్తారు. నాకివంటే ప్రాణం. అందుకే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ఇది కొత్త సంగతేం కాదు. 1853 నుంచి హౌస్‌మన్ అనే ప్రభుత్వాధికారి పారిస్‌ని పడగొట్టి మళ్లీ కట్టిస్తున్న రోజుల్లో, కూలిపోబోయే వీధుల్ని ఫొటోలు తీసిపెట్టమని నగరం వాళ్లు షార్ల్ మార్విల్ అనే ఫొటోగ్రాఫర్‌కి అప్పజెప్పారు. అద్భుతమైన ఫొటోలవి, కానీ వాటిలో మనుషులు దాదాపుగా కనిపించరు. అప్పటి కెమెరాకి దొరకాలంటే చాలాసేపు కదలకుండా నిలబడాలి, బజార్లో పనున్నవాడు ఎందుకు నిలబడతాడు? ఆ తర్వాతి తరంలో యూజీన్ అట్జే అనే ఇంకో ఫొటోగ్రాఫర్ వచ్చాడు. ఆయన మిగిలిన పాత షాపుల ముందుకు బరువైన కెమెరా మోసుకెళ్లి తీసిన కొన్ని ఫొటోల్లో, గాజు తలుపు వెనక నుంచి ఎవరో బయటికి చూస్తుంటారు, అదే గాజులో ఎదుటి వీధి కూడా పడి ఉంటుంది. లోపలి మనిషీ బయటి వీధీ ఒకే అద్దంలో కలిసిపోయి ఏది ఎక్కడ మొదలైందో తెలియదు. షాపు నడిపే మనిషిని ఇంతకంటే బాగా ఎలా చూపిస్తారో నాకైతే తెలీదు.

2018లో న్యూయార్క్‌లో జేమ్స్, కార్లా మర్రే దంపతులు సివార్డ్ పార్కులో నాలుగు చిన్న షాపుల ముఖాల్ని దాదాపు అసలు సైజులో ఫొటోలతో నిలబెట్టారు. చాలామటుకు అప్పటికే మూతపడిపోయిన షాపులవి. మంచి పనే, కానీ నాకు మనసు కలుక్కుమంటుంది. ఫొటో ముందు నిలబడొచ్చు గానీ లోపలికి వెళ్లలేం కదా.

అందుకే షాపులు తెరిచి ఉండగా జరిగే పనులంటే నాకు ఎక్కువ ఇష్టం. ఇంగ్లండ్‌లో 2020 నుంచి 2024 దాకా 60కి పైగా హై స్ట్రీట్‌ల (ఊరి ప్రధాన బజారు వీధుల) కోసం 9.5 కోట్ల పౌండ్ల పథకం నడిచింది. పాత కట్టడాల రిపేర్లతో పాటు కళా కార్యక్రమాలకి కూడా అందులో చోటిచ్చారు.

అసలు కష్టం రోడ్డు తవ్వే నెలల్లో ఉంటుంది. షాపు ముందు రేకులు కట్టేస్తారు, దుమ్ము లేస్తుంది, లోపల దీపం వెలుగుతున్నా మూసేశారనుకుని జనం పక్క వీధిలోంచి వెళ్లిపోతారు. ఆర్టిస్టుల మొదటి పని ఆ రేకుల మీదే ఉండాలంటాను. షాపు పేరు, యజమాని ముఖం, తలుపు ఎటుందో చూపించే బాణం గుర్తు, పక్కన ‘తెరిచే ఉంది’ అని దూరానికి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలు. రంగులు ఏవైనా పర్లేదు. బొమ్మ వేసినవాళ్లకి కూలి ఇవ్వాలి, కూర్చుని కబుర్లు చెప్పిన షాపువాళ్ల టైముకీ ఏదో ఒకటి ఇవ్వాలి. బేరం పోగొట్టుకుని మరీ మాట్లాడతారు పాపం.

ఇక అద్దె సంగతి. వీధి అందంగా తయారయ్యేకొద్దీ అద్దె పెరుగుతుంది, గోడ మీద నవ్వుతున్న మనిషే ముందు ఖాళీ చేయాల్సి వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో 2015లో ఓటర్లు దీనికో దారి ఒప్పుకున్నారు. 30 ఏళ్లు, ఆపైన నడుస్తున్న పాత వ్యాపారాలని రిజిస్టర్‌లో చేర్చి, వాటికి సాయం చేయడమే కాకుండా కనీసం 10 ఏళ్ల లీజు రాసిచ్చే బిల్డింగ్ ఓనర్లకి కూడా గ్రాంటు ఇచ్చేలా పెట్టారు. బొమ్మలు గీసేవాళ్లూ లీజులు చూసేవాళ్లూ ఒకే మీటింగ్‌లో కూర్చుంటే ఎంత బాగుంటుందో!

ఎవరైనా ఇలాంటి ప్రాజెక్ట్ మొదలుపెడుతుంటే నాదొక్కటే మనవి. కెమెరా బయటికి తీసే ముందు షాపువాళ్లని ఒక మాట అడగండి: ‘మీ లీజు ఎప్పటిదాకా ఉంది?’