మూడు ఆదివారాల చాటింపు

మా నాన్న కతోలిక గుడిలో ఉపదేశి. ఫిరంగిపురానికి కాస్త ఎడంగా, పేరు చెప్పినా ఎవరికీ తెలియని ఊరు మాది. విచారణ గురువులు, అంటే ఫాదర్ గారు, నెలకి రెండుసార్లు వచ్చేవారు, మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది నాన్నే. పెళ్లి చాటింపులు చదివేదీ ఆయనే. చివరి పాటకి ముందు చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, కళ్లజోడు సవరించుకుని, "ఫలానా గ్రామ కాపురస్తులైన ఫలానా వారి కుమారునికిని..." అని మొదలుపెట్టేవారు. "ఇది రెండవ చాటింపు. వీరి జ్ఞాన వివాహానికి ఏదైనా ఆటంకం ఎరిగినవారు విచారణ గురువులకు తెలియజేయవలెను." ఆ 'ఆటంకం' అన్న మాట దగ్గర ఆగి, కళ్లజోడు పైనుంచి గుడంతా ఒకసారి చూసేవారు. చిన్నప్పుడు నాకది భలే సరదా. ఎవరైనా లేచి ఏదో ఒకటి అంటారని ప్రతిసారీ ఎదురుచూసేదాన్ని. ఎవరూ లేవలేదు. (ఈ చాటింపుల పద్ధతి 1215లో జరిగిన లాటరన్ మహాసభ నుంచి వస్తోందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. నాన్నకి చెబితే, "మరి! ఊరికే అనుకున్నావా?" అన్నారు, ఆ సభకి తనే వెళ్లొచ్చినట్టు.)

మా పెద్దమ్మ కూతురి పెళ్లికి కూడా మూడు ఆదివారాలు నాన్నే చదివారు. ఆ పెళ్లి నాలుగేళ్లు కూడా నిలవలేదు. బావ హైదరాబాదు వెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. అంతకుముందు క్రైస్తవ ఆడవాళ్లకి కోర్టులో విడాకులు దొరకడం గగనం. 1869 నాటి చట్టం, మొగుడు తప్పు తిరుగుడు తిరిగాడని రుజువు చేస్తే కూడా చాలేది కాదు, హింస లాంటిది ఇంకొకటి దానికి తోడు చూపించాలి. 2001లో ఆ చట్టాన్ని సవరించి, ఇద్దరూ ఒప్పుకుంటే విడిపోవచ్చన్నారు. అలా 2004లో అక్కకి కాగితం చేతికొచ్చింది. ఆ వెంటనే ఒక మంచి సంబంధం. భార్య పోయిన మనిషి, సొంత లారీ, నెమ్మదస్తుడు.

పెద్దమ్మ అరటిపళ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గురువులతో ఒక మాట చెప్పి గుడిలో పెళ్లి చేయించమని.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు: కోర్టు ఇచ్చింది సర్కారు కాగితం, శ్రీసభ (మా కతోలిక సంఘం) లెక్కలో మొదటి పెళ్లి ఉన్నట్టే. అది మొదటినుంచీ చెల్లని పెళ్లి అని మేత్రాసనం ట్రిబ్యునల్ (బిషప్పు గారి కోర్టు) తేల్చాలి, అర్జీ తనే రాసిపెడతానని. అప్పట్లో ఒక ట్రిబ్యునల్ తేలిస్తే సరిపోయేది కాదు, రెండోది కూడా ఔననాలి. ఎన్నాళ్లు పడుతుందని పెద్దమ్మ అడిగింది. "ఏళ్లు పట్టొచ్చు వదినా" అన్నారు. (పోపు ఫ్రాన్సిస్ 2015లో ఆ రెండో తీర్పు నిబంధన తీసేశారు. అక్కకి పదేళ్లు ఆలస్యంగా.)

పెద్దమ్మ లేచి నిలబడి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "వాడు అక్కడ పెళ్లాంతో సినిమాలకి తిరుగుతుంటే రూలు లేదు. నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి రూలొచ్చిందా?"

నేను నాన్న పక్కనే నిలబడ్డాను. అక్కడితో ఆగినా బాగుండేది. అక్క దగ్గరికి నేనే వెళ్లి, కొంచెం ఆగమని చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే, "నీకు మొగుడున్నాడు, ఆగమంటావు" అంది. ఇరవై ఏళ్లు దాటింది, ఆ మాటకి నా దగ్గర ఇంతవరకు జవాబు లేదు.

పక్క ఊళ్లో ఒక పాస్టరు గారి ప్రార్థన మందిరంలో పెళ్లయింది. మాకు పిలుపు లేదు. తర్వాత ఆకాశరామన్న ఉత్తరం ఒకటి విచారణ గురువులకి వెళ్లింది, చాటింపు చదవడానికి మా నాన్న డబ్బులు పుచ్చుకుంటాడని. రేషన్ షాపు లైన్లో మా అమ్మ ముందు ఒకావిడ ఉమ్మేసింది. పెద్దమ్మ వాళ్ల ఇంట్లో ఎవరు పోయినా మాకు కబురు రావడం మానేసింది. అక్క మాత్రం క్రిస్మస్ రాత్రి పూజకి వచ్చేది, ఆ లారీ ఆయనతో. చివరి బల్ల మీద కూర్చునేవాళ్లు. అందరూ సత్ప్రసాదానికి, పూజలో పంచే అప్పానికి, లైన్లో వెళ్తుంటే ఆమె కాళ్లు పక్కకి జరుపుకుని దారి ఇచ్చేది. నాన్న అటు చూసేవారు కాదు. నేను చూసేదాన్ని.

దేవుడు జతపరచిన వారిని మనిషి వేరు చేయకూడదు. ఈ మాటని నేను నమ్ముతాను, ఆ చివరి బల్లని చూశాక కూడా. అదేమీ తేలిగ్గా వచ్చిన నమ్మకం కాదు.

ఇక రెండో ఊరి కథ. మేం 2006లో సిడ్నీ వచ్చాం. వెస్ట్‌మీడ్ స్టేషన్‌కి నడిచివెళ్లేంత దూరంలో అద్దె ఇల్లు, నాకు ఒక వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం. 2017 సెప్టెంబర్‌లో పోస్టులో ఆ ఫారం వచ్చింది. ఓటు వేయకపోతే ఫైన్ వేసే దేశంలో, ఇది మాత్రం ఇష్టమైతేనే పంపమన్నారు. ఒక్క కాగితం, కింద బార్‌కోడ్, ఒకే ప్రశ్న: స్వలింగ జంటలు పెళ్లి చేసుకునేలా చట్టం మార్చాలా? రెండు గడులు. ఔను, కాదు.

మా ఇంటికి మూడు కవర్లు వచ్చాయి. మా అమ్మాయికి అప్పటికి పంతొమ్మిది. డైనింగ్ టేబుల్ మీద గోంగూర సీసా పక్కన పెట్టుకుని తను ఔను గీసింది, నేను కాదు గీశాను. మా ఆయన ఫారం తీసుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్లాడు, ఏం గీశాడో ఇవాళ్టికీ చెప్పలేదు. అమ్మాయి, నేను కలిసి స్టేషన్ దగ్గరి ఎర్ర పోస్టు డబ్బా దాకా నడిచాం. దారిలో ఒక్కసారే అడిగింది, "అమ్మా, నీకు వాళ్లంటే కోపమా?" అని. కాదన్నాను. "మరెందుకు?" అంది. పెళ్లి అనేది మనం తయారుచేసింది కాదు, మనకి అప్పగించింది అన్నాను. ఒక మగ, ఒక ఆడ, చావుదాకా, పిల్లలకి తలుపు తెరిచి ఉంచి. అది మార్చే హక్కు నాకుందని నేననుకోను. తను కాసేపు నడిచి, "అది నీ గుడిలో పెళ్లి. ఇది గవర్నమెంటు పెళ్లి" అంది. అచ్చం నాన్న పెద్దమ్మకి చెప్పిన మాటే, తిరగేసి.

సిడ్నీ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) ఆంథనీ ఫిషర్ గారు కాదు అనమని బాహాటంగానే అడిగారు. మా వెస్ట్‌మీడ్ ఉన్న పర్రమట్టా పీఠాధిపతి (బిషప్) విన్సెంట్ లాంగ్ గారు, వియత్నాం నుంచి శరణార్థిగా పడవలో వచ్చిన మనిషి, ఎటు వేయాలో చెప్పకుండా అంతరాత్మకి వదిలేశారు. రెండేళ్ల ముందు టాస్మేనియాలో అయితే, పెళ్లి గురించి బిషప్పులు రాసిన చిన్న పుస్తకాన్ని కతోలిక బడుల్లో పంచినందుకు అక్కడి అగ్రపీఠాధిపతి పోర్టియస్ గారి మీద వివక్ష చట్టం కింద ఫిర్యాదు పడింది. తర్వాత వాపసు తీసుకున్నారనుకోండి. కానీ ఆ భయం అందరిలో ఉండిపోయింది. బిషప్పుకే దిక్కులేకపోతే నర్సు ఎంత.

నా షిఫ్టులో ఒక కుర్రాడు ఉండేవాడు. ఇంకో అబ్బాయితో కలిసి ఉంటాడని అందరికీ తెలుసు. అంతకుముందు ఏడాది వాళ్లమ్మ పోయినప్పుడు, డబుల్ డ్యూటీ చేసి మరీ నేను హాస్పిటల్‌కి వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. టీ బ్రేకులో అందరూ ఉన్నప్పుడే అడిగాడు, "నువ్వు ఔనే కదా వేశావు?" అని. అబద్ధం చెబితే అయిపోయేది. సరదాగా మాట మార్చేసినా అయిపోయేది. "లేదు, కాదు అని వేశాను" అన్నాను. మైక్రోవేవ్‌లో ఎవరిదో సూప్ తిరుగుతోంది, ఆ చప్పుడొక్కటే. అతను కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

మర్నాడు నా లాకరు మీద మార్కర్‌తో ఒక మాట రాసి ఉంది. ఇక్కడ రాయను. వారం తర్వాత మేనేజర్ పిలిచి, నేనుంటే కొందరికి ఇక్కడ సేఫ్‌గా అనిపించడం లేదని ఫిర్యాదు వచ్చిందంది. నేనేం అన్నానని అడిగాను. ఏమీ అనలేదట. నర్సింగ్‌లో ఇరవై రెండేళ్లు, నా వల్ల ఎవరికీ ఒక పుండు కూడా పడనివ్వలేదు. ఆ సాయంత్రం బస్సులో ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

అయితే ఇంకోవైపు కూడా చెప్పాలి. ఆ రెండు నెలలూ ఆ కుర్రాడు ట్రైన్లో, టీవీలో, గోడల మీద ఏమేం విన్నాడో నాకూ తెలుసు. సర్వే జరిగే రోజుల్లో ఇరుపక్షాలా దూషణలు ఆపడానికి పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చిందంటే చూడండి. స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లని గౌరవంతో, కనికరంతో, సున్నితంగా చూడాలని, అన్యాయంగా వేరుచేసి చూడకూడదని మా శ్రీసభ బోధనల గ్రంథం సత్యోపదేశంలో 2358వ పేరాలో ఉంది. దాన్ని మా వాళ్లలో ఎంతమంది చదివారు?

నవంబర్ 15న ఫలితం. దేశం మొత్తం మీద ఔను 61.6 శాతం. మా పర్రమట్టా నియోజకవర్గంలో కాదు 61.6 శాతం. అద్దంలో చూసినట్టు సరిగ్గా అదే అంకె. 150 నియోజకవర్గాల్లో 17 చోట్లే కాదు గెలిచింది, అందులో 12 మా పశ్చిమ సిడ్నీవే. డ్యూటీలో ఇంద్రధనుస్సు రంగుల కేకు కోశారు. నాకు ముక్క పెట్టాలా వద్దా అని కిచెన్ అమ్మాయి ఇబ్బంది పడుతుంటే, నేనే వెళ్లి ప్లేటు తీసుకున్నాను. పంచదార మరీ ఎక్కువైంది.

ఆ ఆదివారం మనవాళ్ల భోజనాల దగ్గర నాకు సన్మానం ఒక్కటే తక్కువ. "అక్కా, నువ్వు భలే నిలబడ్డావంట" అని ఒకాయన. అదే నోటితో, చేతిలో గారె పట్టుకుని, తమ్ముడి సంబంధం సంగతి ఎత్తాడు. అమ్మాయి వాళ్లు గుంటూరులో ఫ్లాట్ ఇస్తామన్నారట, అమ్మాయికి అంత ఇష్టం లేదట, "అయినా సర్దుకుంటుందిలే." బెదిరింపుతోనో బలవంతంతోనో ఒప్పుకున్న పెళ్లి మా శ్రీసభ చట్టంలో అసలు పెళ్లే కాదు, అందుకే గురువులు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు అన్నాను. "అవన్నీ మీ చర్చిలో" అని నవ్వాడు. చర్చికి వచ్చే మావాళ్లు మాత్రం ఏం తక్కువ? ఫిషర్ గారి మెసేజ్‌ని నాకు మూడుసార్లు ఫార్వర్డ్ చేసినావిడ, అదే వారంలో తన కొడుక్కి సంబంధం చూడమంటూ మొదట అడిగింది, అమ్మాయి ఏ కులం కతోలిక అని. రెండు తరాల కింద జ్ఞానస్నానం పొందినవాళ్లం, ఒకే పాత్రలోంచి సత్ప్రసాదం తీసుకుంటాం.

నా పక్కన 61.6 శాతం మంది ఉన్నారంటే ఆ రోజు నాకు ధైర్యం రావాలి కదా. రాలేదు. వాళ్లలో ఎంతమంది అక్కని ఆగమనేవారు? విడాకులంటే సరే, కట్నమంటే సరే, ఈ ఒక్కదానికే మా శ్రీసభ ముద్దొచ్చింది. నన్ను తిట్టినవాళ్లకి నేను ఏం నమ్ముతానో కనీసం సగం తెలుసు. మెచ్చుకున్నవాళ్లకి అదీ తెలియదు.

ఆ కుర్రాడు నాతో మాట్లాడలేదు. హ్యాండోవర్ కూడా కాగితం మీదే. 2018 మార్చి 30 శుభ శుక్రవారం, నాకు మధ్యాహ్నం షిఫ్టు పడింది, మార్పించుకోవడానికి అడిగే ముఖం లేదు. ముందురోజు రోస్టర్ బోర్డు చూస్తే నా పేరు కొట్టేసి ఉంది, పైన అతని పేరు, అతని చేతిరాత. థాంక్స్ చెబితే, "నీకు చర్చి ఉంటుందిగా" అని మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాది ఉద్యోగం మారాను.

పోయిన నెల మా అమ్మాయి ఫోన్ చేసి, గుడిలో పెళ్లికి ఏమేం కాగితాలు కావాలని అడిగింది. అబ్బాయి గోవా వాళ్లు, కతోలికులే. ఆ ఔను గీసిన పిల్లేనా అని అడగబోయి నోరు మూసుకున్నాను. ఆరు నెలల్లోపు ఇచ్చిన జ్ఞానస్నానం సర్టిఫికెట్ కావాలన్నారు, తనది మా ఊరిదే. ఇప్పటి ఉపదేశి రిజిస్టరు పేజీని ఫోన్లో ఫోటో తీసి పంపాడు. నాన్న చేతిరాత, 1998, కుడివైపుకి వాలిన అక్షరాలు. ఎవరికి గుడిలో పెళ్లయినా, జ్ఞానస్నానం రాసిన చోటే మార్జిన్‌లో ఆ వివరం ఎక్కిస్తారు. అందుకే అమ్మాయి పేరు పక్కన ఖాళీ.

పనిలో పనిగా అక్క పేజీ కూడా తీయమన్నాను. ఎందుకని అతను అడగలేదు. అక్క పేరు పక్కన మార్జిన్‌లో మొదటి పెళ్లి తేదీ, బావ పేరు. ఆ కింద ఏమీ లేదు. అదీ నాన్న చేతిరాతే.

సర్టిఫికెట్ మాత్రం ఇంకా రాలేదు. పంపిన కాపీలో అమ్మాయి పేరులో ఒక దీర్ఘం తప్పు పడింది, సరిచేసి మళ్లీ గురువుల సంతకం పెట్టించాలట. ఆయన గుణదల వెళ్లారు, బుధవారం వస్తారు.