కెండో డైరీ: బోగు వేసుకున్నాక నా ఎడమ చెయ్యి పరిస్థితి

జపాన్ కత్తిసాము కెండోలో బోగు వేసుకుని సాధన మొదలుపెట్టి కొన్ని నెలలైంది, ఎక్కడిదాకా వచ్చానో రాసి పెట్టుకుంటున్నాను. తెలియనివాళ్ళ కోసం, బోగు అంటే ఒంటికి వేసుకునే రక్షణ కవచం: తలకి మెన్, చేతులకి కొతె, ఛాతీకి దో, నడుము కింద తారె. ఇవేవీ లేకుండా గాలిలో షినాయ్ (వెదురు కత్తి) ఊపినన్నాళ్ళూ అందరి ఫామూ బాగానే కనిపిస్తుంది. ఎదురుగా తిరిగి కొట్టే మనిషి నిలబడ్డప్పుడు తెలుస్తుంది అసలు సంగతి, నా విషయంలో ముందు చెయ్యిచ్చింది ఎడమ చెయ్యే.

కెండోలో పెత్తనం ఎడమ చేతిది, కుడిది దిక్కు చూపించడానికి మాత్రమే. పిడి చివరను ఎడమ చేత్తో పట్టుకోవాలి, చిటికెన వేలు, ఉంగరం వేలు గట్టిగా, మిగతావి వదులుగా. ఆ పిడికిలి బొడ్డుకి కాస్త కింద, పొట్టకి ఒక పిడికిలంత దూరంలో ఉండాలి, షినాయ్ కొన అవతలివాళ్ళ గొంతుకి గురిపెట్టి ఉండాలి. చెప్పడం తేలికే. కుడిచేతి వాటం వాళ్ళకి టెన్షన్ రాగానే కుడి భుజం పైకి లేస్తుంది, మోచెయ్యి బిగుసుకుంటుంది, దెబ్బ నెత్తిమీద బరువుగా పడుతుంది. ఆ తేడా చెవికి కూడా తెలుస్తుంది. సరిగ్గా పడితే పొట్టిగా, పదునుగా "టక్" మంటుంది, కుడిచేతి బలంతో బాదితే మొద్దుగా మోగుతుంది, అవతలి మనిషికి నొప్పి కూడా. వాళ్ళు పైకి ఏమీ అనరు గానీ మెన్ కమ్మీల వెనక మొహం చూస్తే అర్థమైపోతుంది.

దీనికి నాకు పనికొచ్చిన మందు ఒక్కచేతి సుబురి. కుడి చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఎడమ చేత్తో మాత్రమే నెమ్మదిగా తల పైదాకా ఎత్తి కొట్టడం, వీలైతే అద్దం ముందు. సంఖ్య ముఖ్యం కాదు, షినాయ్ కొన వణక్కుండా మధ్యగీత మీదే ఆగుతోందా లేదా అన్నదే చూడాలి, వణుకు మొదలైందంటే ఆ రోజుకి చాలు, ఇంకా లాగితే తప్పుడు అలవాటే గట్టిపడుతుంది. ఫలితం ఉందో లేదో అరచెయ్యే చెబుతుంది. ఎడమ అరచేతిలో చిటికెన వేలు, ఉంగరం వేలు మొదట్లో కాయలు కాస్తే దారిలో ఉన్నట్టు. కుడి బొటనవేలు దగ్గర బొబ్బ లేస్తే ఇంకా కుడిచేత్తోనే పిసుకుతున్నట్టు. నా కుడి చేతి బొబ్బలు ఈ మధ్య మానిపోయాయి, మళ్ళీ రాలేదు, ఇప్పటికి నేను చూపించగలిగిన ప్రోగ్రెస్ ఇదే.

కాళ్ళ సంగతి కొంచెం నయం. కొట్టేటప్పుడు కుడి పాదాన్ని నేలకేసి కొట్టే ఫుమికోమిలో మడమ నొప్పి కొత్తవాళ్ళందరికీ వచ్చేదే, కాలు ఎత్తుగా లేపి మడమ మీద దిగితే వస్తుంది. పాదం నేలకి దగ్గరగానే జారుతూ వెళ్ళి అరికాలంతా ఒక్కసారే దిగాలి, ముందుకు తోసే బలం వెనకున్న ఎడమ కాలి నుంచి రావాలి. ఎడమ మడమ ఎప్పుడూ కొంచెం లేచే ఉంటుంది కాబట్టి పిక్క కండరాల మీద భారం ఎక్కువ. సాధనకి ముందు పిక్కలు బాగా సాగదీసుకోండి, ఇందులో బద్ధకించినవాళ్ళు తర్వాత వారాల తరబడి కూర్చోవాల్సొస్తుంది.

షినాయ్ సంరక్షణ గురించి కొత్తవాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే. నాలుగు వెదురు బద్దలు, కొన దగ్గర తోలు టోపీ, పిడికి తోలు తొడుగు, రెంటినీ కలుపుతూ ఒక తాడు, కొన నుంచి సుమారు పావు వంతు దూరంలో ఇంకో తోలు కట్టు, అంతే వస్తువు. ప్రతి సాధనకి ముందు నాలుగు బద్దల మీదా వేలు పోనిచ్చి చూడాలి. పేడు లేచి ఉంటే ఆ షినాయ్ పక్కన పెట్టెయ్యాలి, ఎందుకంటే విరిగిన వెదురు పుల్ల మెన్ కమ్మీల సందులోంచి కంట్లోకి దూరే ప్రమాదం ఉంది. చిన్న పేడైతే విప్పి, గీకి, సన్న గరుకు కాగితంతో నునుపు చేసి, పలచగా నూనె రాసి ఆరబెడతాను. పగులు వస్తే మాత్రం ఆ బద్ద చెత్తబుట్టకే. కట్టు సడలితే బిగించుకోవాలి, అది జారి తిరుగుతుంటే బద్దలు విడిపోతాయి.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెడుతున్నది తల లోపలి వ్యవహారం. కెండోలో నాలుగు జబ్బులు చెబుతారు: ఉలికిపాటు, భయం, అనుమానం, తికమక. నాకు మూడోది. అవతలివాళ్ళు కొన ఒక్క అంగుళం కిందకి దించగానే, ఇది నిజమైన సందా, ఎరా అని ఆలోచిస్తాను, ఆ ఆలోచన పూర్తయ్యేలోపు నా కొతె మీద దెబ్బ పడుతుంది. దీనికి సీనియర్లు చెప్పే విరుగుడు కకరిగెయికొ, అంటే ఆలోచించే తీరిక లేకుండా వరసగా మీదపడి కొడుతూనే ఉండటం. ఊపిరి అందదు, చేతులు లేవవు, కానీ ఆ అలసటలోనే కుడి భుజం దానంతటదే దిగిపోతుంది, అప్పుడు పడే రెండు మూడు దెబ్బలే ఆ రోజుకి మంచివి.

కొట్టేశాక కూడా పని అయిపోదు. దాటి వెళ్ళి, తిరిగి, కొన మళ్ళీ ఎదుటివాళ్ళ మీద పెట్టి సిద్ధంగా ఉండాలి, దాన్నే జాన్షిన్ అంటారు, అది లేకపోతే దెబ్బ ఎంత బాగా పడ్డా పాయింట్ లేదు. పోటీలో పాయింట్ వచ్చిందని చెయ్యెత్తి సంబరపడితే ఇచ్చిన పాయింట్ కూడా రద్దు చేస్తారు. ఈ రూల్ నాకు చాలా నచ్చింది. రంగు బెల్టులు కూడా లేవు, ఎవరి ర్యాంకు ఏమిటో బట్టలు చూసి చెప్పలేం. పైకి వెళ్ళేకొద్దీ ఓపిక పరీక్షే: ఏడో డాన్ (డాన్ అంటే ర్యాంకు మెట్టు) వచ్చాక కనీసం 10 ఏళ్ళు సాధన చేసి, 46 ఏళ్ళు నిండితే గానీ ఎనిమిదో డాన్ పరీక్షకి కూర్చోనివ్వరు, అందులో పాసయ్యేది నూటికి ఒకరు, అటూ ఇటుగా.

నా లెక్క ఇంకా మొదటి డాన్ దగ్గరే. దానికి కాతా, అంటే జోడీగా చేసే నిర్ణీత కదలికల వరస, కూడా కావాలి. 1912లో ఖరారైన 10 కాతాల్లో మొదటి మూడూ ఇప్పుడు చెక్క కత్తితో చేస్తున్నాను. మొదటి రెండూ పరవాలేదు, మూడోదాంట్లో పొడుపు తర్వాత వేసే అడుగులు కుదరడం లేదు, జోడీ కంటే ముందే వెళ్ళిపోతున్నాను. వచ్చే నెలంతా ఒక్కచేతి సుబురి, మూడో కాతా, ఈ రెండే. దో కొట్టడం ఇంకా సరిగ్గా మొదలుపెట్టలేదు, దాని గురించి తర్వాత.