ఓటీపీ నా ఫోన్‌కే వచ్చేది

2024 డిసెంబర్ 5 ఉదయం. ప్రభుత్వ ఆసుపత్రి వెనకాల వేపచెట్టు కింద నిలబడి ఉన్నాను. చేతిలో మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా. గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి తెమడ తెప్పించి అందులో ఉమ్మమని ల్యాబ్ అబ్బాయి చెప్పి పంపాడు. దగ్గు తెర మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. ఆఫీసులో అకౌంట్స్ చూసే అమ్మాయి.

"అక్కా, జీతాలకు ఓటీపీ వచ్చింటుంది, చూసి చెప్తారా?"

డబ్బాను పిట్టగోడ మీద పెట్టి, అంకెలు చదవడం మొదలుపెట్టాను. మూడో అంకె దగ్గర గొంతు పట్టేసింది. నేను తేరుకునేసరికి దాని టైమ్ అయిపోయింది. మళ్లీ పంపించుకుని, మళ్లీ చెప్పాను. ఇరవై ముగ్గురి జీతాలు నా దగ్గు ఆగేదాకా ఆగాయి.

కదిరి చుట్టుపక్కల పల్లెల్లో బడి మానేసిన పిల్లలతోనూ, ఆడవాళ్ల పొదుపు సంఘాలతోనూ పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ మాది. పద్దెనిమిదేళ్లుగా నేనే నడుపుతున్నాను. బ్యాంకు ఫోన్ నంబరు నాది, పాస్‌వర్డులన్నీ నా డైరీలో, డిజిటల్ సంతకం డాంగిల్ నా హ్యాండ్‌బ్యాగులో. దాతలకు తెలిసిన గొంతు కూడా నాదొక్కటే. ఇంత పని ఒక్కదాన్నే మోస్తున్నానని అప్పట్లో నాకు లోలోపల గర్వంగా ఉండేది.

దగ్గు నవంబర్ మొదట్లో మొదలైంది. దుమ్ము అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, ఎండలో తిరిగిన అలసట అనుకున్నాను. ప్రైవేటు డాక్టరొకరు రెండుసార్లు సిరప్పు, యాంటీబయాటిక్ రాశారు. జాకెట్లు వదులయ్యాయి. 53 కిలోలున్నదాన్ని 47కి వచ్చాను. చివరికి ఒక పల్లెలో మీటింగ్ అయ్యాక అక్కడి ఆశా కార్యకర్త నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, రెండు వారాలు దాటి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించుకోమని మా సంఘాల్లో చెప్పేది మీరే కదా!" అంది. తల దించుకున్నాను. మరుసటి వారమే వేపచెట్టు కిందికి వచ్చాను.

సీబీనాట్ పరీక్షలో టీబీ అని తేలింది. మామూలు మందులకు లొంగే రకమే. ఆరు నెలల వైద్యం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. నా బరువుకు రోజుకు మూడు మాత్రలు. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని నర్సమ్మ ముందే చెప్పింది. అయినా మొదటి రోజు చూసుకుని గుండె ఝల్లుమంది. పొద్దున్నే మాత్రలు వేసుకుంటే పది గంటల దాకా కడుపులో తిప్పేది. కీళ్లు లాగేవి. పోషణకు ప్రభుత్వమిచ్చే సాయం అప్పుడే నవంబర్ నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెరిగింది. గుడ్లకు, పాలకు అది నిజంగా పనికొచ్చింది.

మందుల బాధ ఎలాగో పడ్డాను. పడలేకపోయింది ఇంకొకటి. నాతో దగ్గరగా మెలిగిన వాళ్లందరి పేర్లూ చెప్పమన్నారు. ఇంట్లోవాళ్ల తర్వాత నా నోట వచ్చిన మొదటి పేరు అకౌంట్స్ అమ్మాయిదే. మా లెక్కల గది ఎనిమిదడుగుల గది. రోడ్డు దుమ్ము కాగితాల మీద పడుతుందని కిటికీ మూసే ఉంచేవాళ్లం. నవంబరంతా రాత్రి తొమ్మిది దాకా అందులో మేమిద్దరమే. విదేశీ విరాళాల వార్షిక రిటర్న్ ఎఫ్‌సీ-4 డిసెంబర్ 31 లోపు వేయాలి. నేను దగ్గుతూ ఓచర్లు అందిస్తుంటే ఆమె ఎక్కించేది. వాళ్లింట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు.

ఆమె ఎక్స్‌రే రిపోర్టు వచ్చేదాకా మూడు రాత్రులు నిద్రపోలేదు. "ఏం లేదంట అక్కా" అని ఫోన్ చేసినప్పుడు ఏడ్చేశాను. నా పట్టుదల నా ఒంటితోనే ఆగిపోలేదని, పక్కన కూర్చున్న మనిషి మీదా, ఆమె బిడ్డ మీదా పడుతుందని ఆ మూడు రాత్రుల్లో తెలిసింది.

మొదటి రెండు వారాలు మాస్కు, వేరే గది. తర్వాత కూడా రెండు నెలలు ఆఫీసు గడప తొక్కొద్దని మా కమిటీ అధ్యక్షులు ఫోన్లో కచ్చితంగా చెప్పారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు, ఆయన మాట కాదనలేను. పని మా కోఆర్డినేటర్ చేతికి వెళ్లింది. ఆమె మొదటి వారంలోనే స్టాఫ్ మీటింగును సాయంత్రం ఆరు నుంచి ఉదయం పదికి మార్చింది. విన్నప్పుడు కోపం వచ్చింది, అడక్కుండా ఎలా మార్చావని. "ఆరింటికైతే మాలో ఐదుగురికి ఆఖరి బస్సు పోతాది అక్కా. ఇన్నేళ్లూ ఆటోకు చేతి డబ్బులు పెట్టుకుని పోతున్నాం" అంది. నాకెందుకు చెప్పలేదన్నాను. "మీరు రాత్రి పదింటిదాకా ఉంటారు కదా, మేమెట్ల అడుగుతాం?"

ఇంకో మాట కూడా ఆమే చెప్పింది. డబ్బు తక్కువైన నెలల్లో నేను నా జీతం ఆపుకునేదాన్ని. దాన్ని త్యాగమనుకున్నాను. "మీరే తీసుకోకపోతే మా జీతం ఆలస్యమైనా మేం నోరెత్తలేం" అంది.

నా అలవాట్లకు నాదే బాధ్యత. కానీ మాలాంటి సంస్థలు ఇలా ఒక్క మనిషి మీద నిలబడడానికి డబ్బు వచ్చే తీరు కూడా కారణమే. 2020 సెప్టెంబర్‌లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని (ఎఫ్‌సీఆర్ఏ) సవరించాక, విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. పిల్లల పుస్తకాలకు డబ్బిచ్చే వాళ్లు దొరుకుతారు. నా పక్కన ఇంకొకరిని తయారు చేసుకోవడానికి ఇమ్మంటే ఎవరూ ముందుకు రారు. అనంతపురంలో ఫాదర్ ఫెర్రర్ 2009లో కాలం చేశాక కూడా, పల్లెల కోసం ఆయన పెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ ఆగిపోలేదు. అంత పెద్ద సంస్థతో మాకు పోలిక లేదు గానీ, మంచంలో పడుకుని ఆ విషయం చాలాసార్లు తలుచుకున్నాను.

మార్చిలో రోజుకు మూడు గంటలు ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాను. కమిటీలో తీర్మానం చేసి చెక్కులకు ముగ్గురి పేర్లు పెట్టాం, ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లుతుంది. బ్యాంకు నంబరు సంస్థ పేరున తీసుకున్న ఫోన్‌కు మారింది, అది ఆఫీసు బీరువాలో ఉంటుంది. ఏ రిటర్న్ ఎప్పుడు, ఎవరితో మాట్లాడాలి, ఏ కాగితం ఏ ఫైల్లో ఉంది, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాశాను. రాయడానికి పదకొండు రోజులు పట్టింది. పద్దెనిమిదేళ్లు నా తలలోనే పెట్టుకుని తిరిగానని అప్పుడే అర్థమైంది. లెక్కల గది కిటికీకి దోమతెర బిగించి తలుపులు తెరిపించాం. ఆరింటికి అందరం బయటికి వచ్చేస్తాం, నేనూ వస్తాను. మొదట్లో ఇంటికొచ్చి ఏం చేయాలో తోచక గడప దగ్గర కూర్చునేదాన్ని.

2025 జూన్‌లో మందులు పూర్తయ్యాయి. చివరి తెమడ పరీక్షలో క్రిములు లేవన్నారు. బరువు 54. మెట్లెక్కితే ఇప్పటికీ కొంచెం ఆయాసం వస్తుంది.

మొన్న డిసెంబర్ జీతాల రోజు నేను అమ్మ దగ్గరున్నాను. వసారాలో కూర్చుని ఇద్దరం చెనిక్కాయలు వలుస్తున్నాం. ఫోన్ లోపల మంచం మీద ఉంది. సాయంత్రం దీపం పెట్టాక గుర్తొచ్చి చూశాను. బ్యాంకు నుంచి ఒక్కటే మెసేజ్, నా జీతం ఖాతాలో పడినట్టు.