57వ నంబరు చీటీలో 56వ నంబరు పేరు

మా ఊరి పాల కేంద్రంలో లెక్కలు రాసేది నేనే. 212 మంది పాలు పోస్తారు, పదిహేను రోజులకోసారి బిల్లు. ఒక షీట్‌లో సభ్యుల నంబరు, పేరు, బ్యాంకు ఖాతా ఉంటాయి. ఇంకోదాంట్లో నంబరు, లీటర్లు, డబ్బులు. ఈ రెంటినీ కలపడానికి చాన్నాళ్లు ఒక్కో పేరూ వెతికి కాపీ చేసేదాన్ని. బిల్లు రోజు రాత్రి పదకొండయ్యేది.

మా అక్క కొడుకు ఫోన్‌లో మాట్లాడుతూ ఎక్సెల్‌లో వీలుకప్ (VLOOKUP) నేర్పాడు. ఒక పట్టికలో నంబరు వెతికి, దాని పక్కనున్న వివరం తెచ్చిపెట్టే ఫార్ములా అది. ఏ నంబరు వెతకాలి, ఏ పట్టికలో వెతకాలి, అందులో ఎన్నో కాలమ్ కావాలి. ఈ మూడూ రాసి, డాలర్ గుర్తులతో పట్టికను కదలకుండా కట్టి, కిందికి లాగాను. నిమిషంలో పేర్లన్నీ వచ్చేశాయి, ఒక్క ఎర్రర్ లేదు. చీటీలు ప్రింట్ తీసి పంచేశాను.

మర్నాడు 57వ నంబరు పెద్దమ్మ చీటీ పట్టుకొచ్చింది. "మనవడు చదివాడమ్మా, ఇందులో నా పేరు లేదంట" అంది. చూస్తే 56వ నంబరాయన పేరు, ఆయన ఖాతా! బ్యాంకుకు ఇంకా పంపలేదు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆమె పాల డబ్బు ఆయన ఖాతాలో పడేది.

ఆ రోజంతా కూర్చుని కారణం పట్టుకున్నాను. ఈ ఫార్ములాకు నాలుగో భాగం ఉంది. అది వదిలేస్తే, నంబర్లు చిన్న నుంచి పెద్దకు వరసగా ఉన్నాయనుకుని ఎక్సెల్ పట్టికను సగం సగం చేస్తూ వెతుకుతుంది. అసలు నంబరు దొరక్కపోతే దానికంటే తక్కువైన దగ్గరి నంబరు ఇచ్చేస్తుంది. ఊరు వదిలి వెళ్లినవాళ్ల నంబర్లను కొత్తవాళ్లకిచ్చి, వాళ్లను జాబితా చివర రాశాను. పెద్దమ్మ అలా చేరిన మనిషే. చివర సున్నా చేరిస్తే అచ్చంగా అదే నంబరు వెతుకుతుంది. అది చేర్చగానే అన్నీ కుదిరాయి.

తర్వాతి బిల్లుకు కాలమ్ మొత్తం ఎన్/ఏ (#N/A), అంటే నంబరు దొరకలేదు అని వచ్చింది. చాలా టెన్షన్ పడ్డాను. పాల మిషన్ నుంచి వచ్చిన ఫైల్లో నంబర్లు టెక్స్ట్‌గా ఉన్నాయి. గడి మూలన చిన్న ఆకుపచ్చ గుర్తు ఉంటే చాలావరకు అదే కారణం. వాటిని నంబర్లుగా మార్చితే సరిపోయింది. ఖాతా నంబర్లకు మాత్రం దీనికి తిరగేసి చేయాలి. ఎక్సెల్ 15 అంకెలే గుర్తుంచుకుంటుంది, 16వ అంకెను సున్నా చేసేస్తుంది. అందుకే ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకుని టైప్ చేస్తాను.

బోనస్ లెక్కకు మాత్రం నాలుగో భాగంలో సున్నా పెట్టను. 50 లీటర్ల నుంచి ఒక రేటు, 100 నుంచి ఇంకో రేటు. 73 లీటర్లు పోసినవారికి 50 వరసే కావాలి కదా! పట్టిక సున్నాతో మొదలై వరసగా ఉంటే చాలు.

ఇప్పుడు చీటీలు తీసేముందు పది నంబర్లు చేత్తో సరిచూస్తాను, 57 తప్పకుండా. ఈసారి రెండు ఎన్/ఏలు మిగిలాయి. ఇద్దరూ మొన్నే చేరారు, జాబితాలో ఇంకా ఎక్కలేదు. పాసుపుస్తకం జిరాక్స్ తెమ్మని చెప్పాను.